రాకేశ్ శర్మ ఎక్కిన సోయుజ్ వేరు, దిగిన సోయుజ్ వేరు: సీటు మార్పిడి అంటే ఇదేనా?

ప్రశ్న: 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోవియట్ నౌక సోయుజ్ టి-11లో వాళ్ల అంతరిక్ష కేంద్రం సాల్యూట్-7కి వెళ్లి, 11న టి-10లో తిరిగొచ్చారు. 2022లో నాసా వ్యోమగామి ఫ్రాంక్ రూబియో సోయుజ్‌లో, రష్యా వ్యోమగామి ఆనా కికినా స్పేస్‌ఎక్స్ నౌక డ్రాగన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి (ఐఎస్ఎస్) వెళ్లారు. రెండూ ఒకే రకం మార్పిడా? నౌక మారితే మనిషితో పాటు ఏం మారాలి?

జవాబు 1: రెండూ వేర్వేరండీ. 1984లో మారింది నౌక. సోయుజ్ దిగే భాగంలోని థ్రస్టర్లకు (దిశ సరిచేసే చిన్న ఇంజిన్లకు) హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. అది నిల్వ ఉండేకొద్దీ విచ్ఛిన్నమవుతుంది, అందుకే నౌకకు గడువు. చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లు పాత నౌకలో దిగి, కొత్తదాన్ని అక్కడున్నవాళ్లకు వదిలేవారు.
2022 జులైలో అమెరికా, రష్యా చేసుకున్న ఒప్పందంలో మారేది మనుషులు. డబ్బు లావాదేవీ లేదు, సీటుకు సీటు. ఒక రకం నౌక ఆగిపోయినా స్టేషన్లో రెండు దేశాలవాళ్లూ ఉండాలి. ఎందుకంటే కరెంటు ఎక్కువగా అమెరికా భాగం నుంచి వస్తుంది, కక్ష్య పెంచే ఇంజిన్లు ప్రధానంగా రష్యా భాగానివి. ఒక్కరే నడపలేరు.

జవాబు 2: సోయుజ్‌లో ముఖ్యంగా మారాల్సింది సీటు లైనర్, అంటే సీటులో అమర్చే ఒంటి అచ్చు. వ్యోమగామిని జిప్సంలో పడుకోబెట్టి వీపు అచ్చు తీసి చేస్తారు. నేలను తాకే దెబ్బను వీపంతా పంచేది అదే. భారం లేనిచోట వెన్ను సాగుతుంది కాబట్టి తలవైపు కొంత ఖాళీ వదలాలి. లైనర్ ఏ నౌకలో ఉంటే, ప్రమాదం వచ్చినప్పుడు ఆ మనిషి ఎక్కాల్సింది ఆ నౌకే. అందుకే నౌక మారేటప్పుడు మొదట బిగించేది లైనరే.

ప్రశ్న వేసినవారు: మరి రూబియో వెళ్లిన సోయుజ్ ఎంఎస్-22 లీకైనప్పుడు ఆయన లైనర్‌ను డ్రాగన్‌లో ఎలా పెట్టారు? అందులో నాలుగే సీట్లు కదా?

జవాబు 3: సీట్ల కింద సామాను పెట్టే చోట కట్టారు, 2023 జనవరిలో. 2022 డిసెంబరులో కూలెంట్ (నౌకను చల్లబరిచే ద్రవం) పోవడంతో ఎంఎస్-22లో ముగ్గురి ఒంటి వేడికి ఉష్ణోగ్రత, తేమ ప్రమాదకరంగా పెరిగేవి. ఒకరిని తప్పిస్తే మిగిలిన ఇద్దరికీ కాస్త వెసులుబాటు. ఫిబ్రవరిలో మరో సోయుజ్ ఎంఎస్-23 మనుషులు లేకుండా వచ్చాక ముగ్గురి లైనర్లూ దాంట్లోకి మారాయి. రూబియో 371 రోజుల తర్వాత, సెప్టెంబరు 27న దాంట్లోనే దిగారు.
సూట్ల సంగతి ఇంకో చిక్కు. సోయుజ్‌లో వేసుకునే సోకోల్ సూట్ గొట్టాలు డ్రాగన్ సీటుకు కుదరవు. బోయింగ్ నౌక స్టార్‌లైనర్ సూట్లదీ అదే ఇబ్బంది. అందుకే స్టార్‌లైనర్‌లో వెళ్లిన సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 2025 మార్చిలో డ్రాగన్ సూట్లలోనే దిగారు.