ఎనిమిది, తొమ్మిది తరగతులకు చూపించదగ్గ తెలుగు వీడియోలు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం. పల్లెటూరి జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. మాకు కౌన్సెలర్ లేరు. పిల్లల గోడు వినే పని ఈ ఏడాది నాకు అప్పగించారు. ఇష్టంగానే ఒప్పుకున్నాను, శిక్షణ మాత్రం లేదు.

పరీక్షల భయం, ఫోన్లో వేధింపులు, ఒంటిమీద చెయ్యి వేసేవాళ్ల గురించి ఎలా మాట్లాడాలో చూపే వీడియోలు కావాలి. నాకు దొరికినవి చాలావరకు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉన్నాయి. ఒకటి తెలుగులోకి డబ్బింగ్ చేసిందే, కానీ ఆ పుస్తకాల భాషకి పిల్లలు పకపకా నవ్వేశారు. విషయమేమో నవ్వేది కాదు!

పది నిమిషాలు మించకూడదు. బడిలో నెట్ నిలకడగా ఉండదు కాబట్టి ముందే దించుకునే వీలుండాలి. భయపెట్టేవి వద్దు. చివర్లో పిల్లల హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబర్లు కనిపిస్తే మరీ మంచిది.

ఇంకొకటి. వీడియో అయ్యాక ఏ పిల్లో వచ్చి తన బాధ చెప్పుకుంటే? అది లైంగిక వేధింపుల విషయమైతే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందేనని తెలుసు. ఆ మొదటి అయిదు నిమిషాలు ఆ పిల్లతో ఎలా మాట్లాడాలో టీచర్లకు నేర్పే వీడియో ఏదైనా ఉందా? మీ బడిలో వాడి చూసినవైతే దయచేసి చెప్పండి.