మూఢంలో పీసీ విప్పుతున్నా: 2700ఎక్స్ నుంచి 5950ఎక్స్, బయోస్, ఎన్‌వీఎంఈ. దెబ్బ తిన్నవాళ్లు చెప్పండి

బ్రాడీపేట ఎడిటర్ (గుంటూరు)
అందరికీ నమస్కారం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుని బతికేవాణ్ణి. 2018 చివర్లో కట్టించుకున్న మెషీన్ నాది. రైజెన్ 7 2700ఎక్స్ ప్రాసెసర్, ఎక్స్470 బోర్డు, 32 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1080 టీఐ గ్రాఫిక్ కార్డు, విండోస్ 10 ఉన్న 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, ఫుటేజ్‌కి నాలుగు 4 టీబీ హార్డ్‌డిస్కులు. అప్పట్లో దీన్ని చూడ్డానికి తోటి ఎడిటర్లు పనిగట్టుకుని వచ్చేవాళ్లు. ఇప్పుడు 4కే టైమ్‌లైన్ మీద తలంబ్రాలు ఒక్కో గింజా ఆగి ఆగి పడుతున్నాయి.

సంక్రాంతి దాటినా ముహూర్తాలు లేవు, మూఢం. విప్పి కట్టుకోవాలంటే ఇదే అదను. పూర్తిగా కొత్తది కొందామంటే బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ మార్చాలి. 2025 చివరి నుంచి డీడీఆర్5 రేట్లు అడిగితే బంగారం కొట్లో నిలబడ్డట్టుంది. అందుకే ఉన్న బోర్డులోనే 5950ఎక్స్ ప్రాసెసర్, 2 టీబీ ఎన్‌వీఎంఈ (బోర్డుకే బిగించే వేగమైన ఎస్ఎస్‌డీ) పెట్టి, విండోస్ 11కి మారదామని. బయోస్ (బోర్డులో ఉండి మెషీన్‌ని లేపే ప్రోగ్రామ్) 2018 నాటిదే, ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. షాపాయన "ప్రాసెసర్ పెట్టేయండి, అదే లేస్తుంది" అంటున్నాడు. నమ్మొచ్చా?

రిపేరు బల్ల (విజయవాడ)
లేవదు.

5950ఎక్స్ వచ్చిందే 2020 నవంబరులో. మీ బయోస్ దానికంటే రెండేళ్లు పెద్దది, కొత్తవాణ్ణి గుర్తుపట్టదు. ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంటుంది. బోర్డు పోయిందనుకుని అప్పుడు నా దగ్గరికి మోసుకొస్తారు. నెలకి ఒకటైనా ఇలాంటిది బల్ల మీదకి వస్తుంది.

2700ఎక్స్ ఉండగానే బయోస్ ఎక్కించండి. ఒకటి రెండు రోజులు పాత ప్రాసెసర్‌తోనే నడపండి. ఆ తర్వాతే ప్రాసెసర్ మార్చండి. బోర్డు కంపెనీ పేజీలో ప్రతి వెర్షన్ కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంటుంది, అది చదవండి. కొన్ని బోర్డులకి ముందు ఫలానా వెర్షన్ వేశాకే తాజాది వేయాలని రాస్తారు. కొన్నింటిలో ఒకసారి పైకి వెళ్తే వెనక్కి రాలేరు. బోర్డు మీద అచ్చేసిన రివిజన్ నంబరు కూడా చూసుకోండి, ఒకే పేరుతో రెండు రివిజన్లు ఉంటే ఫైలు వేరుగా ఉండొచ్చు.

ఇంకో మాట. 400 సిరీస్ బోర్డులు కొన్నింట్లో బయోస్ చిప్ 16 ఎంబీయే. కొత్త ప్రాసెసర్లకి చోటు చేయడానికి కొన్ని కంపెనీలు బాగా పాత ప్రాసెసర్ల సపోర్టునీ, రంగురంగుల మెనూనీ తీసేశాయి. అప్‌డేట్ అయ్యాక మెనూ బోసిగా కనిపిస్తే కంగారు పడకండి.

పటమట గేమర్ (విజయవాడ)
బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందేమో వెనక చూడండన్నా. ప్రాసెసర్, ర్యామ్ ఏమీ లేకపోయినా కరెంటు, పెన్‌డ్రైవ్ ఉంటే చాలు. నేను మాత్రం దానితో పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టా. లైటు నాలుగు సార్లు మిణుకుమని ఆగిపోయేది. పెన్‌డ్రైవ్ 128 జీబీది, ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉంది. చివరికి చెల్లి ప్రాజెక్టు రిపోర్టు తిరిగిన పాత 8 జీబీ దాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేస్తే మొదటిసారికే పట్టుకుంది.

ఫైలు పేరు కూడా మార్చాలి. ఎంఎస్ఐ అయితే ఎంఎస్ఐ డాట్ రోమ్, గిగాబైట్ అయితే గిగాబైట్ డాట్ బిన్. ఆసుస్‌కి పేరు మార్చే చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది. లైటు మిణుకుతున్నంత సేపూ చెయ్యి జేబులో పెట్టుకోండి.

ఒన్‌టౌన్ బాబాయ్ (విజయవాడ)
చెయ్యి జేబులో పెట్టుకుంటే సరిపోదు బాబూ, యూపీఎస్ మీద కూడా ఒక కన్నెయ్యాలి.

నా కథ చెబుతా. యూపీఎస్ ఉందన్న ధీమాతో ఎండాకాలం మధ్యాహ్నం బయోస్ ఎక్కిస్తున్నా. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ ఒక్క కూత కూసి అది కూడా పోయింది. లోపల బ్యాటరీ నాలుగేళ్ల నాటిదని అప్పుడు గుర్తొచ్చింది. బోర్డు ఇటుకరాయి. ఫ్లాష్‌బ్యాక్ బటన్ లేని బోర్డు. రిపేరు బల్ల తమ్ముడే సీహెచ్341ఏ ప్రోగ్రామర్ క్లిప్పు బయోస్ చిప్‌కి తగిలించి మళ్లీ రాసిచ్చాడు, లేకపోతే అది గుజిరీకే.

కాబట్టి ముందు రోజు మెషీన్ ఆన్‌లో ఉండగా యూపీఎస్ ప్లగ్ గోడ నుంచి పీకి చూడండి. ఐదు నిమిషాలు నిలబడితేనే పని మొదలెట్టండి. అదీ పొద్దున్నే, ఏసీల లోడు పడకముందు.

తెనాలి ఆల్బమ్ డిజైనర్
వీళ్లెవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను అన్నయ్యా. బిట్‌లాకర్, అంటే డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు. బయోస్ మార్చినా ప్రాసెసర్ మార్చినా రైజెన్‌లో ఉండే ఎఫ్‌టీపీఎం (ఆ తాళం కీ దాచుకునే భాగం) రీసెట్ అవ్వొచ్చు. అప్పుడు డిస్క్ లాక్ అయి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. నేను బిట్‌లాకర్ ఎప్పుడూ ఆన్ చేయలేదే అనుకున్నా. విండోస్ 11 కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే కొన్ని మెషీన్లలో అదే ఎన్‌క్రిప్ట్ చేసేసుకుంటుందట. నాది అలాగే అయింది. ఆ ఖాతా మా ఆయన ఎప్పుడో తెరిచింది, పాస్‌వర్డ్ ఆయనకే గుర్తులేదు. రెండు ఆల్బమ్‌లు లోపల, పెళ్లివాళ్లు రోజుకి మూడు ఫోన్లు. ఆ రెండు రోజుల టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు.

మీరింకా 10లోనే ఉన్నారు కాబట్టి ఇప్పుడు లేకపోవచ్చు. అయినా సెట్టింగ్స్‌లో చూసి, ఆన్‌లో ఉంటే సస్పెండ్ చేసి, కీ కాగితం మీద రాసుకుని మొదలెట్టండి.

మంగళగిరి ఫ్రేమ్స్
అన్నా, ఒక్క నిమిషం. అందరూ బయోస్ దగ్గరే ఉన్నారు. మీ కెమెరాలు ఏ ఫార్మాట్‌లో రికార్డ్ చేస్తాయి? 10 బిట్ 4:2:2 హెచ్.265 (రంగుల వివరం ఎక్కువుండే, విప్పడానికి బరువైన ఫార్మాట్) అయితే తలంబ్రాలు ఆగడానికి ప్రాసెసర్ ఒక్కటే కారణం కాదు. 1080 టీఐలో దానికి డీకోడర్ లేదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచే 4:2:2 డీకోడ్ వచ్చింది. ఇంటెల్ ఆర్క్‌లో చిన్న కార్డుల్లో ఒకటైన ఏ380 కూడా హెచ్.265 4:2:2 డీకోడ్ చేస్తుంది. 5950ఎక్స్ పెడితే ఎక్స్‌పోర్ట్ టైమ్ బాగా తగ్గుతుంది, స్క్రబ్బింగ్ (టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ జరపడం) మాత్రం మీరనుకున్నంత మారదు.

నేనైతే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి కాపీలు) చేసుకుని కూర్చుంటా. రాత్రి పడుకునే ముందు పెట్టేస్తే పొద్దున్నకి రెడీ. దానికి 16 కోర్లు పనికొస్తాయి.

బ్రాడీపేట ఎడిటర్
అవును, 4:2:2 హెచ్.265యే. ఈ మాట షాపులో ఒక్కరూ అడగలేదు. కార్డు సంగతి వేసవి పెళ్లిళ్లయ్యాక చూస్తా, ప్రస్తుతానికి ప్రాక్సీలే. బయోస్ రేపు పొద్దున్న ఆరింటికి. యూపీఎస్ ప్లగ్ పీకి చూశా బాబాయ్, ఎనిమిది నిమిషాలు నిలబడింది.

సింగ్‌నగర్ వాసి (విజయవాడ)
బోర్డు, బయోస్ నాకంత తెలియవు. స్టోరేజ్ గురించి మాత్రం చెప్పాలనిపించింది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు వీధిలోకి వచ్చినప్పుడు నా పీసీ టేబుల్ కింద, నేల మీద ఉంది. మేం పిల్లల్ని తీసుకుని మేడ మీదకి ఎక్కాం. పీసీ గుర్తొచ్చేసరికి కింద నడుం లోతు. నీళ్లు తీసేదాకా రోజుల తరబడి క్యాబినెట్ ఆ బురదలోనే. తీశాక గ్రాఫిక్ కార్డు ఫ్యాన్ల మధ్య చిన్న చేప ఉంది, అబద్ధం కాదు.

పక్కింటాయన ఆత్రం కొద్దీ హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి తన హార్డ్‌డిస్క్‌కి కరెంటిచ్చాడు. టక్ టక్‌మని నాలుగు చప్పుళ్లు చేసి ఆగిపోయింది. మామూలు హార్డ్‌డిస్క్ మీద గాలి కోసం చిన్న రంధ్రం ఉంటుంది. నీళ్లు అందులోంచి లోపలికి పోతే, ప్లేటు మీద మిగిలిన బురద రేణువే రీడింగ్ హెడ్‌కి గండం. నేను నా రెండు హార్డ్‌డిస్కులకి కరెంటివ్వకుండా డేటా రికవరీ వాళ్లకి పంపా. ఒకటి వచ్చింది, ఒకటి రాలేదు. బోర్డు, పవర్ సప్లై, కార్డు అన్నీ తుక్కు. ఎన్‌వీఎంఈ ఒక్కటే నిలబడింది. విప్పి, డిస్టిల్డ్ వాటర్‌తోనూ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనూ బ్రష్షు పెట్టి కడిగి, వారం ఆరనిచ్చి వేరే మెషీన్‌లో పెడితే మొత్తం కాపీ అయింది. అందరికీ ఇలాగే అవుతుందని మాత్రం అనను, నా అదృష్టం.

ఇప్పుడు క్యాబినెట్ బల్ల పైన ఉంటుంది. ఒక కాపీ హార్డ్‌డిస్క్ నరసరావుపేటలో అత్తగారింటి బీరువాలో ఉంటుంది. మీరు ప్రాసెసర్ మీద పెట్టే డబ్బులో కొంత దీని మీద పెట్టండి. పెళ్లి మళ్లీ తీయలేం కదా.

రిపేరు బల్ల
ఇది అందరూ చదవాలి. చేప సంగతి నమ్ముతున్నా. ఆ నెల నా బల్ల మీద కప్ప కూడా వచ్చింది.

ఎడిటర్ గారూ, ప్రాసెసర్ తీసేటప్పుడు ఒక జాగ్రత్త. మీ బోర్డుది ఏఎం4 సాకెట్, ఇందులో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, 1331. ఏడేళ్ల పేస్ట్ బంకలా పట్టేసి ఉంటుంది. కూలర్‌ని నిట్టనిలువునా లాగితే, లాక్ వేసున్నా సరే, ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి కూలర్‌కి అతుక్కునే వస్తుంది. ముందు పదిహేను నిమిషాలు రెండర్ పెట్టి వేడెక్కించండి. ఆపేసి, ప్లగ్ తీసి, కూలర్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పి వదులు చేశాకే పైకెత్తండి.

బ్రాడీపేట ఎడిటర్
అప్‌డేట్. బయోస్ అయిపోయింది. మధ్యలో ఒక వెర్షన్ వేసి తర్వాత తాజాది. మీరన్నట్టే మెనూ బోడిగుండులా ఉంది.

విండోస్ 11 కోసం బయోస్‌లో సీఎస్ఎం (పాత పద్ధతి బూట్ సెట్టింగు) ఆఫ్ చేస్తే బూట్ డిస్కే కనిపించలేదు. 2018లో కట్టినవాళ్లు విండోస్‌ని ఎంబీఆర్ అనే పాత డిస్కు పద్ధతిలో వేసి వదిలేశారు. సీఎస్ఎం మళ్లీ ఆన్ చేసి, ముందు బూట్ డిస్క్ బ్యాకప్ తీసి, దాన్ని కొత్త జీపీటీ పద్ధతికి మార్చే, విండోస్‌లోనే ఉండే ఎంబీఆర్2జీపీటీ నడిపా. మొదట వ్యాలిడేట్‌లోనే కుదరదంది. దానికి ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించి ఉండకూడదట, నాకు నాలుగున్నాయి. వాడని డీ డ్రైవ్ తీసేస్తే ఒప్పుకుంది. సీఎస్ఎం ఆఫ్, విండోస్ లేచింది.

తర్వాత ఎన్‌వీఎంఈకి క్లోన్ చేసి బిగించా. హార్డ్‌డిస్కు ఒకటి మాయం! అందులో గత సీజన్ పెళ్లిళ్లన్నీ ఉన్నాయి. చెమటలు పట్టాయి.

పటమట గేమర్
ఎన్‌వీఎంఈ రెండో స్లాట్‌లో పెట్టారా? చాలా బోర్డుల్లో అది వాడితే సాటా 5, 6 పోర్టులు పనిచేయడం మానేస్తాయి. మాన్యువల్ చూసి కేబుల్ మార్చండి, డిస్కుకేం కాలేదు.

మంగళగిరి ఫ్రేమ్స్
పైగా ఎక్స్470లో చిప్‌సెట్ నుంచి వచ్చేది పీసీఐఈ (ఎన్‌వీఎంఈకి డేటా వెళ్లే దారి) 2.0యే. ప్రాసెసర్ పక్కనున్న మొదటి స్లాట్‌లో పెడితేనే 3.0 స్పీడు, సెకనుకి 3,500 ఎంబీ దాకా. 5950ఎక్స్ పెట్టినా ఈ బోర్డులో 4.0 రాదు, 7,000 అని పెట్టె మీద రాసింది చూసి డబ్బు పోయకండి. దానికి బదులు, ఎస్ఎస్‌డీ మెమరీ చిప్పుల్లో క్యూఎల్‌సీ రకం కాకుండా టీఎల్‌సీ రకం తీసుకోండి. చవక క్యూఎల్‌సీలో కాసేపు పరుగెత్తి, క్యాష్ నిండగానే హార్డ్‌డిస్కులా నడుస్తుంది. 600 జీబీ పెళ్లి ఫుటేజ్ కాపీ చేసేవాళ్లకి అది నరకం.

ఒన్‌టౌన్ బాబాయ్
ఎన్‌వీఎంఈ మీది హీట్‌సింక్ కింద ప్లాస్టిక్ పొర పీకారా? నేను రోహిణి కార్తె దాకా పీకలేదు.

బ్రాడీపేట ఎడిటర్
పీకలేదు బాబాయ్ :( ఇప్పుడే పీకా. టీఎల్‌సీయే, మొదటి స్లాట్‌కి మార్చా, డిస్కు తిరిగొచ్చింది.

పాత సాటా ఎస్ఎస్‌డీ తీసేసి ఒక్క ఎన్‌వీఎంఈతోనే బూట్ చేసి చూశా, లేచింది. నిన్న సాయంత్రం 5950ఎక్స్ పెట్టా. ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయాలా అని బోర్డు అడిగింది. బిట్‌లాకర్ లేదని ముందే చూసుకున్నా కాబట్టి ధైర్యంగా వై నొక్కా. బయోస్ మారినప్పుడే సెట్టింగ్స్ అన్నీ మొదటికొచ్చాయి. ర్యామ్ 3200ది 2133లో నడుస్తోంది, ర్యామ్‌ని దాని అసలు స్పీడులో నడిపే ఎక్స్ఎంపీ సెట్టింగు ఆన్ చేస్తే సరైంది. ఫ్యాన్ల సెట్టింగు ఇంకా కుదర్లేదు, రెండర్ పెడితే పక్కింట్లో మిక్సీ అనుకుంటున్నారు. ఈ ఆదివారం ఒక హార్డ్‌డిస్క్ బాపట్ల తమ్ముడింటికి వెళ్తోంది.

2700ఎక్స్ ఎవరికైనా కావాలంటే చెప్పండి. వేడి చేసి తిప్పే తీశా, పిన్నులన్నీ ఉన్నట్టే ఉన్నాయి. 1331 లెక్కపెట్టలేదు గానీ.