నావన్‌లో ఇల్లు: రైలు వస్తుందని నమ్మి కొనవచ్చా?

కొత్త గూడు
అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో అద్దెకు ఉంటున్నాం, ఇప్పుడు చిన్న బాబు కూడా ఉన్నాడు. బ్యాంకు ఏడాది జీతానికి నాలుగు రెట్లకు మించి అప్పివ్వదు. ఆ డబ్బుకు నగరంలో రెండు గదుల ఫ్లాటు కూడా కష్టమే. పక్క మీథ్ కౌంటీలోని నావన్‌ ఊళ్లో మూడు పడకగదుల కొత్త ఇల్లు చూశాం, వెనుక చిన్న తోట కూడా ఉంది. కొత్త ఇల్లు, మొదటిసారి కొనుగోలు కాబట్టి మేం కట్టిన పన్నులోంచి 30,000 యూరోల దాకా వెనక్కి రావచ్చు. డబ్లిన్ నుంచి అక్కడికి రైలు రావడం ఖాయమని ఏజెంటు అంటున్నారు. అక్కడ ఉంటున్నవాళ్లు చెప్పండి, కొనమంటారా?

బోయిన్ తీరం
కొనండి. మేం వచ్చి నాలుగేళ్లయింది, ఒక్కరోజు కూడా పశ్చాత్తాపపడలేదు. డబ్లిన్ 50 కిలోమీటర్లు. ఎం-3 మోటర్‌వే ఎక్కితే డన్‌బోయిన్ పక్కనున్న పార్క్‌వే స్టేషన్‌కు అరగంట. కారు అక్కడ పెట్టి రైలెక్కుతాను. 2042 దాకా వేసిన డబ్లిన్ ప్రాంత రవాణా ప్రణాళికలో నావన్ రైలు మార్గం స్పష్టంగా ఉంది. 2022 జనాభా లెక్కల్లోనే ఊరు 33 వేలు దాటింది. ఇంత పెద్ద ఊరిని ఎంతకాలం వదిలేస్తారు? అయినా నావన్‌కు రైలు లేదన్న మాటే తప్పు. పట్టాలు ఉన్నాయి, రైలు నడుస్తోంది.

మీథ్ నాన్న
ఆ రైలులో వెళ్లేది జింకు ఖనిజం. టారా గని నుంచి డ్రొహెడా మీదుగా డబ్లిన్ రేవుకు వెళుతుంది. అందులో మీకు సీటు ఇస్తారా? అడిగినవారిని తప్పుదారి పట్టించకండి.

చరిత్ర కూడా చెప్పాలి. డబ్లిన్ నుంచి క్లోన్‌సిల్లా మీదుగా నావన్‌కు ప్రయాణికుల రైలు ఆగిపోయింది 1947లో. తర్వాత ఆ పట్టాలనే పీకేశారు. 2010లో మళ్లీ పార్క్‌వే దాకా వేసి, రెండో దశలో నావన్ దాకా తెస్తామన్నారు. మరుసటి ఏడాది డబ్బు లేదని పక్కన పెట్టారు. అప్పుడు ఆ మాట నమ్మి కొన్నవారి పిల్లలు ఇప్పుడు పెద్ద బడిలో ఉన్నారు.

నేను బస్సులో వెళతాను. స్టాపులో బోర్డు రెండు నిమిషాలని చూపిస్తుంది, తర్వాత ఆ వరుసే మాయమవుతుంది. గత నవంబరులో అలా రెండు బస్సులు రాలేదు. పాప ఉన్న క్రెష్ (పిల్లల్ని పగలు చూసుకునే కేంద్రం) ఆరింటికి మూసేస్తారు. నేను చేరేసరికి ఆరూ ముప్పై అయిదు. హాలులో ఒక్క దీపం వెలుగుతోంది. పాప కోటు వేసుకుని, టోపీ కూడా పెట్టుకుని, టీచరు పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆలస్య రుసుము సంగతి సరే, ఇంకోసారి ఇలా అయితే సీటు ఉండదని చెప్పారు.

బోయిన్ తీరం
మీ బాధ అర్థమైంది, కానీ అది బస్సు తప్పు. నేను చెప్పింది పట్టాల గురించి. పట్టాలు ఉన్నాయా లేవా?

మీథ్ నాన్న
అవి డ్రొహెడా వైపు పట్టాలు. డబ్లిన్‌కు సూటిగా వేయాల్సిన పట్టాలు లేవు. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు.

బోయిన్ తీరం
ఒకటేనని నేను ఎక్కడ అన్నాను? ‘రైలు లేదన్న మాటే తప్పు’ అన్నాను. మళ్లీ చదవండి.

కిల్‌డేర్ కిరణ్
రైలే ముఖ్యమైతే మేనూత్ చూడండి. ధర ఎక్కువ, కానీ స్టేషన్ ఊళ్లోనే ఉంది.

సీనియర్ నర్సు
మీరంతా రైలు దగ్గరే ఆగిపోయారు. నావన్ ఆసుపత్రిలో అత్యవసర విభాగం మూసేయాలని 2022లో ప్రతిపాదన వస్తే ఊరంతా వీధుల్లోకి వచ్చింది. చిన్నపిల్లలతో వచ్చేవారు అది కూడా ఆలోచించాలి.

మీథ్ నాన్న
మంచి మాట. కానీ ముందు బోయిన్ తీరం గారు ఒక్కటి ఒప్పుకోవాలి. ఆయన చెప్పిన అరగంట ఖాళీ రోడ్డు మీద అరగంట. ఉదయం ఏడున్నరకు బయలుదేరి ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా ఎంతసేపో చెప్పమనండి. టోల్ కూడా కలపమనండి.

బోయిన్ తీరం
గంటన్నర. దాచాల్సిన అవసరం నాకు లేదు. వారానికి మూడు రోజులే వెళతాను. ఇక మీ సమస్యకు పరిష్కారం మీ ఇంట్లోనే ఉంది. మీ శ్రీమతి గారు కారు నడపడం నేర్చుకుంటే పాపను ఆరింటికల్లా ఇంటికి తెచ్చుకోవచ్చు. దానికి ఊరిని తిట్టడం ఎందుకు?

మీథ్ నాన్న
మా ఇంటి సంగతి మీకెందుకండీ? ఆమె ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి అయిదింటికే బయలుదేరుతుంది. తెలియకుండా నోరు జారకండి.

పద్మ, నావన్
ఇన్నాళ్లూ చదవడమే కానీ ఇక్కడ రాయలేదు. ‘నేర్చుకుంటే’ అన్న మాట చూశాక ఊరుకోలేకపోతున్నాను.

విజయవాడలో ఎనిమిదేళ్లు కారు నడిపాను. మన దేశపు లైసెన్సును ఇక్కడి లైసెన్సుగా మార్చి ఇవ్వరు. రాతపరీక్ష, లెర్నర్ పర్మిట్, పాఠాలు, ఆపైన పరీక్ష తేదీ కోసం ఎదురుచూపు. అన్నీ మొదటి నుంచి. లెర్నర్ పక్కన రెండేళ్లుగా పూర్తి లైసెన్సు ఉన్నవారు కూర్చోవాలి. అంటే మా వారు. ఆయన డబ్లిన్‌లో ఉంటే కారు గుమ్మం ముందున్నా నాకు పనికిరాదు. ఎం-3 మీదికి లెర్నర్లు వెళ్లనే కూడదు, పాత ఆర్-147 రోడ్డు మీదే వెళ్లాలి.

ఇల్లు ఊరి చివర. డిసెంబరులో నాలుగు దాటగానే చీకటి పడుతుంది. మా కాలనీ గేటు దాటాక ఫుట్‌పాత్ ఒకచోట ఆగిపోతుంది. అక్కడ బగ్గీని, అంటే పాపాయిని తోసే బండిని, రోడ్డు మీదికి దింపాలి, ఎదురుగా కార్లు వస్తుంటాయి. ముందు చక్రం ఎప్పుడూ ఆ అంచుకే తగులుకుంటుంది. పాల ప్యాకెట్టు కావాలన్నా ఆ అంచు దాటాలి. మొదటి చలికాలంలో సోమవారం నుంచి శుక్రవారం దాకా దుకాణంలో చెక్అవుట్ దగ్గర అమ్మాయితో తప్ప పెద్దవాళ్లెవరితోనూ మాట్లాడలేదు.

మీరిద్దరూ మీ గంటన్నర లెక్కే వేస్తున్నారు. ఇల్లు చూసినప్పుడు మా వారు కూడా అదే లెక్క వేశారు. వంటగది బాగుందా అని మాత్రం నన్ను అడిగారు. బాగుందన్నాను. పగలంతా ఆ ఇంట్లో ఉండేది నేనని ఆయనకూ నాకూ తోచలేదు.

బోయిన్ తీరం
పద్మ గారూ, ఆ మాట నేను అనాల్సింది కాదు. మీథ్ నాన్న గారూ, మిమ్మల్ని కూడా క్షమించమంటున్నాను.

నేను రైలును పట్టుకుని ఇంత వాదించడానికి కారణం ఇదీ. డబ్లిన్‌లో అయిదేళ్లలో మూడు ఇళ్లు మారాం. మూడుసార్లూ యజమాని ఇల్లు అమ్ముతున్నామని నోటీసు ఇచ్చాడు. మూడోసారి మా బాబు కొత్త బడిలో ఎవరితోనూ స్నేహం చేయలేదు. ఎందుకురా అంటే ‘మళ్లీ వెళ్లిపోతాంగా’ అన్నాడు. నాకు ఎవరూ ఖాళీ చేయమనని ఇల్లు కావాలి. అది ఇక్కడ దొరికింది. రైలు రాకపోయినా ఇక్కడే ఉంటాను. ఈ ఊరిని ఎవరైనా తక్కువ చేస్తే ఆ ఇంటినే అన్నట్టుంటుంది.

మీథ్ నాన్న
ఇది మొదట్లోనే చెప్పి ఉంటే నేను పట్టాల గురించి అంత వాదించేవాణ్ని కాదు. మా పాపకు కూడా అలాంటి ఇల్లే కావాలని వచ్చాను. అయినా, రైలు వస్తుందని చెప్పి ఎవరినీ కొనమనకండి. ఆ మాట నేను వెనక్కి తీసుకోను.

కొత్త గూడు
మా ఆవిడ ఇదంతా చదివింది. ఆమెకు కూడా ఇక్కడి లైసెన్సు లేదు. శనివారం మళ్లీ ఇల్లు చూడటానికి వస్తున్నాం. ఈసారి కారులో కాదు, బస్సులో. పద్మ గారూ, ఇంకేం చూడమంటారు?

పద్మ, నావన్
ఊరి మధ్యలో దిగి ఇంటిదాకా నడవండి. బగ్గీ కూడా తెచ్చుకోండి, బాబును మీరే తోయండి. వీలైతే శనివారం వద్దు, పనిరోజున నాలుగున్నరకు రండి. ముందుగా చెబితే టీ పెట్టి ఉంచుతాను.