కారణాంకం దొరక్కుండానే ప్రధాన సంఖ్య కాదని ఎలా తేల్చారు?
నమస్తే అండీ. బొబ్బిలిలో పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. 2 ఘాతం 67లోంచి 1 తీసేస్తే 147573952589676412927 వస్తుంది, ఇది ప్రధాన సంఖ్య అని 1644లో గణితవేత్త మెర్సెన్ రాస్తే 1876లో లూకాస్ కాదని తేల్చాడు, కానీ దేనితో భాగిస్తే పోతుందో చెప్పలేదు. 1903లో కోల్ 193707721 × 761838257287 అని చూపించాడు. దీన్ని పిల్లలు బోర్డు మీద గుణించి సరిచూసి తెగ సంబరపడ్డారు. మరి ఒక్క కారణాంకమూ దొరక్కుండా లూకాస్‌కి ఎలా తెలిసిందని ఒకమ్మాయి అడిగింది, చాలా మంచి ప్రశ్న.

4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, పరీక్షించే సంఖ్యతో భాగించగా మిగిలిన శేషం పట్టుకుంటూ పోయే పద్ధతి నాకు తెలుసు. 127 (2 ఘాతం 7లోంచి 1 తీసేస్తే వచ్చేది) మీద చేస్తే 4, 14, 67, 42, 111, చివరికి 0 వస్తుంది, కాబట్టి అది ప్రధాన సంఖ్యే. 0 రాకపోతే ఎందుకు కాదో పదో తరగతి స్థాయిలో ఎవరైనా వివరించగలరా?