కోపల్ 1 కోసం బెజ్జం 39.5 కొట్టించాను, రింగు కూర్చోవట్లేదు

అరండల్‌పేట_మనవడు:
మా తాతగారికి గుంటూరు అరండల్‌పేటలో స్టూడియో ఉండేది. ఆయన టేకు ఫీల్డ్ కెమెరా, అలెప్పీలో చేసిన వాగీశ్వరి, ఇన్నాళ్లకి అటక దిగి నా చేతికొచ్చింది. బెల్లోస్‌కి, అంటే మడతల తిత్తికి, నాలుగు చిల్లులుంటే నల్ల గుడ్డ అతికించాను. దాంతో ఉన్న ఇత్తడి లెన్సుకి షట్టరే లేదు. తాతగారు మూత తీసి "ఒకటీ... రెండూ..." అని లెక్కపెట్టి మళ్లీ మూసేసేవారట. నాకంత నమ్మకం లేక సెకండ్‌హ్యాండ్‌లో సిమ్మార్-ఎస్ 210 లెన్స్ కొన్నాను. దాని షట్టర్ కోపల్ 1 సైజు.

లెన్స్ బిగించే పాత బోర్డు జోలికి పోకుండా అదే సైజులో 4 మి.మీ. ప్లైవుడ్‌తో కొత్తది చేయించాను. షట్టర్ వెనక మరచుట్లు వెర్నియర్‌తో కొలిస్తే 39 వచ్చింది. అర మిల్లీమీటరు వదులు ఉంటే మంచిదని బెజ్జం 39.5 కొట్టమన్నాను. షట్టర్ దూరింది, దాన్ని వెనకనుంచి బోర్డుకి బిగించే రింగు మాత్రం ఒక్క చుట్టు కూడా ఎక్కట్లేదు. పైగా షట్టర్ వెనక చిన్న మేకులాంటిది పొడుచుకొచ్చి, బోర్డుకి ఆననివ్వట్లేదు. రింగు తిరగేసి బిగించేయనా? ఆదివారం ఉండవల్లి గుహలకి వెళ్దామని ముగ్గురికి మాటిచ్చాను, టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్_టర్నర్:
మీరు కొలిచింది మర. బెజ్జానికి అది లెక్క కాదండి. రింగు ఒకవైపు చిన్న మెట్టులా ఉంటుంది చూడండి, అది బెజ్జంలోకి దిగాలి. షట్టర్‌ని మధ్యలో నిలబెట్టేది అదే. అందుకే కోపల్ 1కి దాదాపు 41.7 కొట్టాలి. కోపల్ 0కి 34.7, కోపల్ 3కి 65.

తిరగేసి బిగిస్తే పల్చటి రేకు బోర్డు మీద పట్టుకుంటుంది, నేనూ ఓసారి అలా నెట్టుకొచ్చాను. మీ 4 మి.మీ. ప్లైవుడ్‌కి మాత్రం మర చాలదు. బెజ్జం పెంచి, వెనకవైపు రింగు పట్టేంత వెడల్పున గాడి తీసి, అక్కడ మందం 2 మి.మీ. మిగల్చండి. ఉన్న బెజ్జాన్ని హోల్‌సాతో (గుండ్రటి రంపం బిట్టు) పెంచుదామనుకోకండి, మధ్యలో బిట్టుకి ఆధారం లేక అది ఎటు పడితే అటు పోతుంది. లేత్ మీద ఫేస్‌ప్లేట్‌కి బిగించి బోరింగ్ చేయించండి. కొలత కాగితం మీద రాసివ్వండి, రింగు కూడా వెంట పట్టుకెళ్లండి. కాగితం కన్నా రింగే నమ్మకం. అల్యూమినియం రేకుకి మారితే లోపలివైపు మెరవకుండా మ్యాట్ నలుపు వేయడం మరవద్దు.

వన్‌టౌన్_నల్లగుడ్డ:
ఆ మేకు నిజానికి చిన్న స్క్రూ. షట్టర్ బోర్డు మీద తిరిగిపోకుండా పెట్టింది. బోర్డులో దానికి గంటు పెట్టించుకోండి, లేదా వాచీ రిపేరు స్క్రూడ్రైవర్‌తో విప్పి డబ్బాలో దాచండి. రింగు బాగా బిగిస్తే అది లేకపోయినా నడుస్తుంది.

ఇంకొకటి. లెన్స్ వెనక గ్లాసు విప్పాకే కదా బోర్డు ఎక్కించేది. గ్లాసుకీ షట్టర్‌కీ మధ్య జుట్టంత పల్చటి లోహపు రింగు కనిపిస్తే, ఏ వైపుది ఆ వైపే ఉంచండి. ముందు, వెనక గ్లాసుల మధ్య దూరం దాంతోనే సరిచేసి ఉంటారు. పనికిరాని ముక్క అనుకుని నేను ఊడ్చిపారేశాను ఒకసారి. రింగు బిగించడానికి స్పానర్ వాడండి, వెర్నియర్ మొనలతో తిప్పితే జారి గ్లాసు గీసుకుపోతుంది.

కొండపల్లి_రోడ్డు:
తేలిగ్గా ఉంటుందని నేను బొమ్మల పొణికి చెక్కతో బోర్డు చేశా. రింగు బిగిస్తుంటే చెక్క నొక్కుకుపోయింది, వారం తిరక్కుండా లెన్స్ గిలక అయింది. బొమ్మలకి బంగారం లాంటి చెక్క, బోర్డుకి వద్దు.

ఇకపోతే బోర్డు సరిపోయినంత మాత్రాన ఉండవల్లికి బయల్దేరకండి. రాత్రి లైట్లార్పి, ఫోన్ టార్చ్ వెలిగించి బెల్లోస్‌లో పెట్టి, వెనక గుడ్డ కప్పి, బోర్డు అంచుల చుట్టూ బయటినుంచి చూడండి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఐదు నిమిషాలు ఆగాలి.

అరండల్‌పేట_మనవడు:
అందరికీ థాంక్స్ అండీ. నిన్న ఆటోనగర్ వెళ్లొచ్చాను. ప్లైవుడ్ చూసి లేత్ ఆయన నవ్వి పక్కన పడేశాడు. 2 మి.మీ. అల్యూమినియం రేకుకి 41.7 బోరు చేసి, నేనడక్కుండానే స్క్రూకి గంటు కూడా పెట్టాడు. రింగు మెట్టు టక్కున దిగింది. పల్చటి రింగు ముందు గ్లాసు వైపు ఒకటుంది, ముట్టుకోలేదు.

రాత్రి టార్చ్ పెట్టి చూశాను. బోర్డు చుట్టూ ఒక్క గీత కూడా వెలుగు రాలేదు. బెల్లోస్ కింది మడతలో మాత్రం ఐదో చిల్లు బయటపడింది. ఆదివారం ప్రయాణం వాయిదా.