పాత పికప్‌ను లద్దాఖ్ ప్రయాణానికి సిద్ధం చేయడం: ముందు దేనికి ఖర్చు పెట్టాలి?

పటమట ప్రయాణికుడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా దగ్గర 2012లో కొన్న టాటా జెనాన్ డబుల్ క్యాబిన్ బండి ఉంది. 2.2 లీటర్ల డీజిల్ ఇంజను, ఫోర్ వీల్ డ్రైవ్, తెల్ల నంబరు ప్లేటు. ఇన్నేళ్లూ ఎక్కువగా నూజివీడు వైపు ఉన్న మా మామిడి తోటకూ విజయవాడకూ మధ్యనే తిరిగింది. వచ్చే ఆగస్టు చివర్లో నేనూ నా భార్యా ఈ బండిలోనే హైదరాబాదు, నాగపూర్ మీదుగా మనాలి చేరి, అక్కడి నుంచి లేహ్ వెళ్లి, వీలైనన్ని రాత్రులు బండిలోనే పడుకుంటూ తిరిగి రావాలని నిశ్చయించుకున్నాం.

వెనక ట్రే మీద ఇనుప గొట్టాల ఫ్రేము, దానిపైన మడత టెంటు, 40 లీటర్ల ఫ్రిజ్, రెండో బ్యాటరీ, 60 లీటర్ల నీళ్ల ట్యాంకు, రెండు డీజిల్ క్యాన్లు, వెనక డోరు బయట ఇంకో స్టెప్నీ అమర్చుకోవాలని ఉంది. ఇంత బరువుకు వెనక భాగం కుంగకుండా ఎయిర్ బ్యాగులు (ఇరుసుకూ బండి అడుగు చట్రానికీ మధ్య పెట్టే గాలి సంచులు) వేయించమని ఒకరు, కమాన్ కట్టలకు (లీఫ్ స్ప్రింగులకు) అదనపు పట్టీలు వేయించమని మరొకరు చెబుతున్నారు. చేతిలో ఉన్నది మూడు లక్షలు. దేనితో మొదలుపెట్టాలి? రవాణా శాఖ నుంచి ఇబ్బందులు వస్తాయా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

ఆటోనగర్ బాడీ బిల్డర్

ఏ వస్తువూ కొనకముందే బండిని కాటా వేయించండి. ట్యాంకు నిండా డీజిల్ పోయించి, మీరిద్దరూ కూర్చుని, ముందు బండి మొత్తాన్నీ, తరువాత వెనక చక్రాలను మాత్రమే కాటా మీద ఉంచి, రెండు చీటీలు తీసుకోండి. వాటిని ఆర్‌సీలో అనుమతించిన మొత్తం బరువుతోనూ, కంపెనీ పుస్తకంలో ఇచ్చిన వెనక ఇరుసు పరిమితితోనూ పోల్చి చూస్తే, మీ చేతిలో నిజంగా ఎన్ని కిలోలు మిగిలాయో తెలుస్తుంది. మీరు రాసిన వస్తువులను ఉజ్జాయింపుగా కలిపినా నాలుగు వందల కిలోలకు దగ్గరపడుతుంది. బట్టలు, సరుకులు, పనిముట్లు అందులో లేవు.

మొత్తం ఎంత అన్నదానికంటే ఎక్కడ పెడుతున్నామన్నది మరీ ముఖ్యం. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య మూడు మీటర్లు ఉన్న బండికి, వెనక ఇరుసుకు ఒక మీటరు అవతల 100 కిలోలు వేలాడదీశారనుకుందాం. వెనక ఇరుసు మీద పడేది 133 కిలోలు. ఏతం మాను ఒక కొసన తొక్కితే రెండో కొస లేచినట్టు, ముందు చక్రాల మీద 33 కిలోలు తగ్గిపోతాయి. స్టీరింగు తేలికైపోతుంది, ముందు బ్రేకులకు పట్టు తగ్గుతుంది. అందువల్ల రెండో స్టెప్నీని వెనక డోరుకు తగిలించే ఆలోచన మానుకోండి. మంచి పంక్చర్ కిట్టూ, గాలి కొట్టే చిన్న కంప్రెసరూ ఆ పని చాలావరకు చేస్తాయి. నీళ్ల ట్యాంకును క్యాబిన్ గోడకు ఆనించి, ట్రే అడుగున పెట్టించండి.

ఎయిర్ బ్యాగుల విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. కమాన్ కట్ట తన రెండు కొసల దగ్గర ఛాసిస్‌కు (అడుగు చట్రానికి) బరువును పంచుతుంది. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య బ్యాగు పెడితే ఆ బరువులో చాలా భాగం ఛాసిస్ మధ్యలో ఒకేచోట పడుతుంది. వెనక బరువు వేలాడుతూ, బ్యాగుల్లో గాలి బిగించి, గుంతల రోడ్ల మీద వేగంగా వెళ్లిన డబుల్ క్యాబిన్ పికప్‌ల ఛాసిస్ క్యాబిన్ వెనక వంగిపోవడం చాలా దేశాల్లో తెలిసిన సంగతే. మీరు మోయబోయే స్థిరమైన బరువుకు సరిపడా కమాన్ కట్టలను కొత్తగా వేయించి, వాటితోపాటే బుష్‌లు, యూ బోల్టులు, షాక్ అబ్జార్బర్లు మార్పించడం మంచిది. పాత కట్టకు ఒకటి రెండు పట్టీలు చేర్చితే బండి లేస్తుంది గానీ, అలసిపోయిన పాత పట్టీలు అలాగే ఉంటాయి. ఏది వేసినా ఆర్‌సీలో ఉన్న బరువు పరిమితి మాత్రం పెరగదని గుర్తుంచుకోండి.

ఫ్రేము సంగతికి వస్తే, 3 మి.మీ. ఇనుప రేకు చదరపు మీటరుకు దాదాపు 24 కిలోలు తూగుతుంది. అదే మందం అల్యూమినియం 8 కిలోలే. గొట్టాలు ఇనుపవి ఉంచి, పలకలన్నీ అల్యూమినియంతో వేయించండి. ఫ్రేమును ఛాసిస్‌కు వెల్డింగు చేస్తామంటే ఒప్పుకోకండి, బోల్టులతోనే బిగించమనండి. అన్నిటికంటే ముందు బండిని లిఫ్టు మీదికి ఎత్తించి, కమాన్ బ్రాకెట్ల చుట్టూ, క్యాబిన్‌కూ ట్రేకూ మధ్య ఉన్న భాగంలో ఇనుప బ్రష్‌తో మట్టి గీకించి, పగుళ్లు, తుప్పు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. అక్కడ పగులు కనబడితే మిగతా ఖర్చంతా ఆపేయవలసిందే.

గుంటూరు డీజిల్

పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కాటా తరువాత డబ్బు వెళ్లవలసింది పాతబడిన భాగాలకే. మన ఎండల్లో చాలామంది రేడియేటరులో ఉత్త నీళ్లే పోసి నడిపిస్తారు. మనాలి–లేహ్ దారిలో తగ్‌లంగ్ లా ఎత్తు 5,300 మీటర్లకు పైగా ఉంటుంది. అటువంటి చోట్ల సెప్టెంబరు రాత్రుల్లో నీరు గడ్డకడుతుంది. కూలెంట్ (రేడియేటరులో నీరు గడ్డకట్టకుండా కలిపే ద్రవం), శుద్ధిచేసిన నీరు సగం సగం కలిపితే సుమారు మైనస్ 35 డిగ్రీల వరకు భయం లేదు. రేడియేటరు మూతను కూడా మార్చండి. 5,000 మీటర్ల దగ్గర నీరు 83 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి, ఒత్తిడి నిలపలేని పాత మూతతో ఘాట్ ఎక్కడం ప్రమాదం.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. బరువుతో గంటల తరబడి దిగే దారిలో ఆ తేడాయే ప్రాణాలు కాపాడుతుంది. దిగేటప్పుడు తక్కువ గేరులోనే దిగండి.

టైరు పక్కభాగం మీద ముద్రించిన కోడులో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. ఆరేళ్లు దాటినవి చూడటానికి బాగున్నా మార్చేయండి.

రిజిస్ట్రేషన్ గురించి ఒక మాట (గుంటూరు డీజిల్)

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన, ఆర్‌సీలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. కాబట్టి ట్రేలో విప్పి తీయగలిగే ఫ్రేము, టెంటు వరకు పరిమితమై, ట్రేనే తీసేసి గది కట్టించే పని పెట్టుకోకండి. బండి ముందు భాగానికి బిగించే ఇనుప క్రాష్ గార్డుల మీద కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే చర్యలకు ఆదేశించింది. మీది 2012 బండి గనుక 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ 2027లో ముగుస్తుంది. ప్రయాణ తేదీలు దానికి దగ్గరలో ఉంటే ముందే పునరుద్ధరించుకోండి. అమర్చిన వాటి గురించి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి.

పటమట ప్రయాణికుడు

అందరికీ ధన్యవాదాలు. గొల్లపూడి మార్కెట్ దగ్గర కాటా వేయించాను. రెండో స్టెప్నీ, ఒక డీజిల్ క్యాను జాబితాలోంచి తీసేశాను. ఛాసిస్‌లో పగుళ్లు లేవు, ఎడమవైపు కమాన్ బ్రాకెట్ దగ్గర పైపై తుప్పు ఉంది, దాన్ని గీకించి ప్రైమర్ వేయిస్తున్నాను. రెండో బ్యాటరీగా బరువు తక్కువని 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ తీసుకుందామనుకుంటున్నాను. బానెట్ కింద పెట్టవచ్చా?

గుంటూరు డీజిల్

బానెట్ కింద వద్దండి. ఆ వేడి లిథియం బ్యాటరీకి పడదు. ట్రేలో పెడితే చలితో మరో చిక్కు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల లోపు ఛార్జి చేస్తే లోపలి కణాలు శాశ్వతంగా దెబ్బతింటాయి, తెల్లవారి బండి స్టార్ట్ చేయగానే ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జి చేసే యంత్రం) చేసేది సరిగ్గా అదే. వెనక సీటు కింద బిగించి, చలిలో ఛార్జింగ్ ఆపే రక్షణ ఉన్నదే కొనండి. ఫ్రిజ్ రోజుకు 400 నుంచి 600 వాట్ అవర్లు వాడుకున్నా, బండి కదలకుండా రెండు రోజులు గడుస్తుంది. రెండు బ్యాటరీల మధ్యలో డీసీ ఛార్జరు (ఇంజను బ్యాటరీ నుంచి రెండో దాన్ని ఛార్జి చేసే పరికరం) పెట్టించి, ఇంజను బ్యాటరీ నుంచి వచ్చే వైరును కనీసం 16 చదరపు మి.మీ. రాగి వైరుగా వేయించండి. ఆ వైరుకు రెండు బ్యాటరీల దగ్గరా ఫ్యూజులు ఉండాలి, టెర్మినల్‌కు జానెడు దూరం దాటకూడదు.