మరణశిక్ష పడిన మహిళ కోసం సంతకాలు సేకరించే ముందు ఏమి చూసుకోవాలి?

ప్రశ్న (అనువాదకురాలు):

మరణశిక్ష పడిన ఒక మహిళ ప్రాణం కాపాడాలని కోరే విజ్ఞాపన పత్రం నా దగ్గరకు వచ్చింది. దానిని తెలుగులోకి మార్చి వీలైనన్ని సంతకాలు చేయించమని మిత్రులు అడిగారు. పని మొదలుపెట్టాక రెండు సందేహాలు కలిగాయి. అత్యున్నత న్యాయస్థానం కూడా శిక్షను ఖాయం చేసిందని పత్రంలో ఉంది. వార్తలు చూస్తే అప్పీలు ఇంకా విచారణలోనే ఉన్నట్టు కనిపిస్తోంది. పైగా పత్రమంతా ఆమె మాతృత్వం చుట్టూ, పిల్లల ఫొటోల చుట్టూ తిరుగుతుందే తప్ప, విచారణలో జరిగిన లోపాల గురించి ఒక్క వాక్యం కూడా లేదు. ఆమె పేరును, దేశాన్ని ఇక్కడ కావాలనే రాయడం లేదు. ఇటువంటి సంతకాలు నిజంగా ఎవరినైనా కాపాడాయా? తెలియక చేసే సాయం ఆమెకే చేటు తెచ్చే అవకాశం ఉందా?

జవాబు (పాత వకీలు):

మీ రెండవ ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: ఉంది. నైజీరియాలోని కత్సినా రాష్ట్రంలో 2002 మార్చిలో అమీనా లావల్ అనే మహిళకు, విడాకుల తర్వాత బిడ్డను కన్నదన్న కారణంతో, రాళ్లతో కొట్టి చంపాలని ఒక షరియా (ఇస్లామిక్ చట్టం) న్యాయస్థానం శిక్ష వేసింది. ఆ బిడ్డకు తండ్రి అని ఆమె చెప్పిన పురుషుడు తనకు సంబంధం లేదని అనగానే అతన్ని వదిలేశారు. ప్రపంచం నలుమూలల నుండి సంతకాలు వెల్లువెత్తుతున్న సమయంలో, 2003 మే నెలలో, ఆమె పక్షాన పనిచేస్తున్న బావోబాబ్ అనే అక్కడి మహిళా హక్కుల సంస్థ ఈ ఉత్తరాల ఉద్యమాన్ని దయచేసి ఆపమని బహిరంగంగా కోరింది. అప్పట్లో తిరుగుతున్న ఒక విజ్ఞాపనలో, సరిగ్గా మీ పత్రంలో ఉన్నట్టే, దేశ అత్యున్నత న్యాయస్థానం శిక్షను ఖాయం చేసిందని రాసి ఉంది. కేసు నిజానికి ఇంకా రాష్ట్ర స్థాయి అప్పీలులోనే ఉంది. తప్పుడు వివరాలతో వచ్చిన ఉత్తరాలను అధికారులు పక్కన పడేయడమే కాదు, అక్కడే ఉండి పోరాడుతున్నవారి మాటకు కూడా విలువ తగ్గుతుందని ఆ సంస్థ వాదన. 2001 జనవరిలో జంఫారా రాష్ట్రంలో ఒక బాలికకు పడిన కొరడా దెబ్బల శిక్షను, బయటి ఒత్తిడిని ధిక్కరించడానికన్నట్టు, చెప్పిన గడువుకు ముందే అమలు చేసిన ఉదంతాన్ని కూడా వారు గుర్తు చేశారు.

అమీనా లావల్ చివరకు బయటపడింది. 2003 సెప్టెంబరు 25న అప్పీలు న్యాయస్థానం నలుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా శిక్షను రద్దు చేసింది. మొదటి విచారణను ఒకే న్యాయమూర్తి జరిపాడని, ఆమె తన వాదన చెప్పుకోవడానికి తగిన అవకాశం దొరకలేదని, నేరం చేశానని ఆమె ఇచ్చిన ఒప్పుకోలు చెల్లదని తీర్పు చెప్పింది. హౌవా ఇబ్రహీం తదితర న్యాయవాదులు అక్కడి చట్టం లోపలే నిలబడి, దాని భాషలోనే వాదించారు. ఆమెను విడిపించినవి ఈ లోపాలు. మీ పత్రంలో లేనివీ ఇవే.

ఇంకొక మాట. శిక్షను తగ్గించే కలం ఎవరి చేతిలో ఉందో తెలియకుండా విజ్ఞాపన రాస్తే అది చేరవలసిన చోటికి చేరదు. టెక్సాస్‌లో గవర్నరు తనంతట తాను 30 రోజుల వాయిదా ఇవ్వగలడే తప్ప, క్షమాభిక్ష బోర్డు సిఫారసు లేకుండా శిక్షను మార్చలేడు. ఖిసాస్ (ప్రాణానికి ప్రాణం అనే ఇస్లామిక్ చట్ట నియమం) అమలులో ఉన్న దేశాలలో హత్య కేసు అయితే, హతుని కుటుంబం క్షమించడం మీదనో, ప్రాణానికి బదులు పరిహారంగా ఇచ్చే బ్లడ్ మనీకి అంగీకరించడం మీదనో చాలావరకు ఆధారపడి ఉంటుంది. దుఃఖంలో ఉన్న ఆ కుటుంబాన్ని లక్షలాది మంది అపరిచితులు తిట్టిపోస్తే వారి మనసు మెత్తబడుతుందా, బిగుసుకుపోతుందా, మీరే ఆలోచించండి.

జవాబు (అడ్డుప్రశ్న):

నాకు ఎప్పుడూ ఇబ్బందిగా ఉండే విషయం, "ఆడమనిషి కదా" అన్న వాదన. 1998 ఫిబ్రవరి 3న టెక్సాస్‌లో, హత్య కేసులో మరణశిక్ష పడి జైలులో పశ్చాత్తాపపడిన కార్లా ఫే టకర్‌కు శిక్ష అమలు చేయడానికి ముందు పోప్ రెండవ జాన్ పాల్ సహా ఎందరో ఆమె కోసం విన్నవించారు. అదే పశ్చాత్తాపం ఒక పురుషుడు చూపితే ఇంతమంది కదిలేవారా అని అప్పుడు అడిగినవారిని తప్పుపట్టలేను. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 6వ అధికరణం గర్భిణికి శిక్ష అమలు చేయరాదని విడిగా చెబుతుంది. క్షమాభిక్ష కోరే హక్కును మాత్రం శిక్ష పడిన ప్రతి ఒక్కరికీ ఇస్తుంది. తల్లి కాని మహిళ, ఫొటోలో కన్నీరు పెట్టని మహిళ ఏమైపోవాలి?

జవాబు (ఉత్తరాలు రాసే మనిషి):

అడ్డుప్రశ్న గారి మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. మహిళ అన్న కారణంగా జాలి అడగడం వేరు, మహిళ కావడం వల్ల ఆమె మీద జరిగిన నేరాన్ని న్యాయస్థానం చూడలేదని చెప్పడం వేరు. సూడాన్‌లో నూరా హుస్సేన్ తనపై అత్యాచారం చేసిన భర్తను చంపిన కేసులో 2018 మేలో మరణశిక్ష పడింది. భర్త కుటుంబం పరిహారం వద్దని, ప్రాణానికి ప్రాణమే కావాలని పట్టుబట్టింది. బలవంతపు పెళ్లి, అత్యాచారం గురించి ఉద్యమకారులు గట్టిగా మాట్లాడారు. జూన్‌లో అప్పీలు న్యాయస్థానం ఆ శిక్షను అయిదేళ్ల జైలుగా మార్చింది.

ఫిలిప్పీన్స్‌కు చెందిన మేరీ జేన్ వెలోసో కథ కూడా అటువంటిదే. 2010లో ఇండోనేషియాలో 2.6 కిలోల హెరాయిన్‌తో పట్టుబడింది. తాను మానవ అక్రమ రవాణాకు బలైన మనిషినని ఆమె వాదన. 2015 ఏప్రిల్ 29న కాల్చి చంపవలసినవారి జాబితాలో ఆమె పేరు ఉంది. ఆమెను పంపిందని ఆరోపణ ఉన్న వ్యక్తి స్వదేశంలో పోలీసులకు లొంగిపోవడంతో, సాక్షిగా ఈమె అవసరమని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం కోరింది. శిక్ష చివరి గంటల్లో ఆగింది. ఆ రాత్రి మిగిలిన ఎనిమిది మందికీ అమలు జరిగింది. తర్వాత ఆమె మరో తొమ్మిదేళ్లకు పైగా జైలులోనే ఉండి, 2024 డిసెంబరులో స్వదేశానికి చేరింది. శిక్ష ఆగిన మరునాటి నుండి సంతకాలు చేసినవారిలో చాలామంది ఆ పేరే మరచిపోతారు. జైలుకు వెళ్లే న్యాయవాది దారి ఖర్చులు మాత్రం అప్పుడూ ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు (అనువాదకురాలు):

అందరికీ కృతజ్ఞతలు. అనువాదాన్ని ఆపాను. పత్రం పంపినవారికి, ఆమె న్యాయవాదులు దీనిని చూశారా, పిల్లల ఫొటోలు వాడడానికి కుటుంబం ఒప్పుకుందా, అప్పీలు ఏ దశలో ఉంది అని మూడు ప్రశ్నలు రాశాను. న్యాయవాదుల నుండి జవాబు వచ్చాకే, వారు సరే అన్న వాక్యాలను మాత్రమే తెలుగులోకి మారుస్తాను.